మునిగిపోయిన ఊరి శిల్పం ఎవరికి వాపసు ఇవ్వాలి? నాలుగో చాప్టర్ దగ్గర ఆగిపోయాను

కొల్లాపూర్_అమ్మాయి:

అందరికీ నమస్తే. చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మ్యూజియంలలో ఉన్న వస్తువులను వాటి సొంత చోటికి వాపసు ఇవ్వాలా, ఇస్తే ఏ న్యాయం ప్రకారం, ఎవరి చేతికి ఇవ్వాలి అన్నది టాపిక్. ఊళ్లో ఈ మాట చెప్పగానే "కోహినూర్ మీదనా?" అంటారు. కాదంటే మొహం చిన్నబోతుంది. మా మేనమామ అయితే "అది తేకపోతే ఇంకేం తెస్తవే?" అని నిలదీశాడు.

ఇప్పటిదాకా అయిన పని చెప్తాను. వాదాల చరిత్ర మీద మొదటి చాప్టర్, చట్టాల మీద రెండోది గైడ్ సార్ ఓకే చేశారు. మూడోది కేస్ స్టడీలు. 1897లో బ్రిటిష్ సైన్యం ఇప్పటి నైజీరియాలో ఉన్న బెనిన్ నగరం మీద పడి ఎత్తుకుపోయిన కంచు శిల్పాల సంగతి ఒకటి. రెండోది గ్లాస్గో తల్వార్. దీన్ని మాత్రం చాలా ఇష్టంగా రాశాను. పాము ఆకారంలో ఉండే ఈ ఖడ్గాన్ని ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1903 ఢిల్లీ దర్బారులో ప్రదర్శించాడు. రెండేళ్లకే అది నిజాం ఖజానా నుంచి మాయమైంది. 1905లో స్వయానా ఆయన ప్రధానమంత్రే దొంగిలించి ఒక ఇంగ్లీషు జనరల్‌కు అమ్మాడని చెప్తారు. ఆ జనరల్ కుటుంబం 1978లో గ్లాస్గో మ్యూజియంలకు ఇచ్చింది. 2022 ఆగస్టులో దీన్నీ, గుళ్ల నుంచి పోయిన మరో ఆరు వస్తువులనూ భారత్‌కు తిరిగి ఇస్తామని గ్లాస్గో సంతకం పెట్టింది. బ్రిటన్‌లో ఒక మ్యూజియం మన దేశానికి ఇలా ఒప్పుకోవడం అదే మొదటిసారి. మా పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చింది ఈ మహబూబ్ అలీ ఖాన్ మీదనే. కానీ ఈ ఖడ్గం సంగతి మా జిల్లాలో ఎవరికీ తెలిసినట్టు లేదు.

చిక్కంతా నాలుగో చాప్టర్‌తోనే. దీన్ని మా దక్షిణ తెలంగాణ మీద రాద్దామనుకున్నాను. మా నాయనమ్మ ఊరు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో పోయింది. ఆ మునకలో గుళ్లను కొన్నింటిని కాపాడారు. కృష్ణా తుంగభద్ర కలిసే చోట కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి ఆలంపూర్‌లో మళ్లీ కట్టారు. పాపనాశి గుళ్లను కూడా అలాగే తరలించారు. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి మ్యూజియం ఆవరణలో ఉన్న రాజరాజేశ్వర గుడి కూడా మునక ప్రాంతం నుంచి వచ్చిందే. విడి శిల్పాలు మ్యూజియంలకు చేరాయి. అంటే రాళ్లకు నంబర్లు వేసి, ఏది ఎక్కడ పెట్టాలో ప్లాన్ గీసి మరీ తీసుకొచ్చారు. మనుషులకు తర్వాతెప్పుడో 1986లో ఇంటికో ఉద్యోగమన్న 98 జీవో వచ్చింది. ఆ జీవో పట్టుకొని తిరిగి తిరిగి ముసలివాళ్లయినవాళ్లు మా వైపు ఇప్పటికీ కనిపిస్తారు.

గైడ్ సార్ అభ్యంతరం ఏమిటంటే, "ఇందులో దేశ సరిహద్దు దాటింది లేదు, దొంగ లేడు, కొన్నవాడు లేడు. ప్రభుత్వం కాపాడింది. వాపసు అనే ప్రశ్నే రాదు కదా. ఇది తీసేసి, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న గ్రీసు వాళ్ల పార్థినాన్ గుడి శిల్పాలు పెట్టు, రెఫరెన్సులు కూడా బోలెడు దొరుకుతాయి." ఆయన మంచివారే, చదివే చెప్తారు. కానీ పార్థినాన్ మీద రాయాలంటే నాకు చెయ్యి కదలడం లేదు.

నా వాదం ఇది. వాపసు ఇచ్చేవాడు మంచివాడా చెడ్డవాడా అన్న దాని మీద కుప్పలుతెప్పలుగా రాశారు. పుచ్చుకోవడానికి చెయ్యి చాపేది ఎవరు అన్న దగ్గరే అసలు తగవు మొదలవుతుంది. బెనిన్ శిల్పాల విషయంలో 2023 మార్చిలో నైజీరియా అధ్యక్షుడు, తిరిగొచ్చినవన్నీ బెనిన్ రాజు ఓబా సొత్తు అని ప్రకటన ఇచ్చాడు. జాతీయ మ్యూజియానికి వస్తాయనుకున్నవి ఒక రాజు చేతికి పోతున్నాయని గొడవ లేచి, కేంబ్రిడ్జి యూనివర్సిటీ చేయాల్సిన అప్పగింత వాయిదా పడింది. మన దగ్గర చూడండి. బయటి దేశాల నుంచి వచ్చినవి చాలావరకు ఢిల్లీ పురానా ఖిల్లాకు చేరతాయి. వాటికోసం అక్కడ 2019లో ఒక గ్యాలరీ కూడా తెరిచారు. ఢిల్లీకి వస్తే ఇంటికి వచ్చినట్టేనా? సూర్యాపేట దగ్గర ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో దొరికిన రాతి తోరణం 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకు, అక్కడి నుంచి సియోల్‌కు ఎగ్జిబిషన్ కోసం వెళ్లింది. ఫణిగిరి మనిషి తన ఊరి శిల్పాలు చూడాలంటే మాత్రం హైదరాబాద్ బస్సెక్కాలి.

ఇంకో ఇబ్బంది ఇంటర్వ్యూలతో. పునరావాస కాలనీల్లో పెద్దవాళ్లతో మాట్లాడుతున్నాను. మ్యూజియంలో ఉన్న విగ్రహాల ఫొటోలు ఫోన్‌లో చూపించి "ఇవి మీ ఊరివే, వీటి గురించి చెప్పండి" అంటాను. ఒక్క నిమిషం చూస్తారు, "ఆఁ, మంచిగున్నయ్" అని ఫోన్ తిరిగి ఇచ్చేస్తారు. తర్వాత ఎవరిని కదిపినా బొడ్రాయి దగ్గరికే పోతారు. ఊరి నడుమ బొడ్రాయి ఎక్కడుండేది, దాని పండుగకు పొలిమేర ఎట్లా కట్టేవాళ్లు, అత్తగారిళ్ల నుంచి ఆడబిడ్డలందరినీ ఎట్లా పిలిపించేవాళ్లు, ఇవే మాటలు. ఒక అవ్వను "మరి ఊరు లేచేటప్పుడు బొడ్రాయిని తెచ్చుకోలేదా?" అని అడిగితే నన్ను కిందికీ మీదికీ చూసి "బొడ్రాయిని ఎవడన్న పెకిలిస్తడా బిడ్డా?" అంది. అది నీళ్ల కిందే ఉంది. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతే కొందరు అటు పోయి దండం పెట్టి వస్తారట.

ఇదంతా చాప్టర్‌లో ఎక్కడ పెట్టాలో అర్థం కావడం లేదు. నేను అడిగింది ఒకటి, వాళ్లు చెప్పింది ఇంకొకటి. రీసెర్చ్ కమిటీ మీటింగ్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. ఈ చాప్టర్ కోసం పట్టుబట్టాలా, వదిలేయాలా? పట్టుబడితే ఏమని వాదించాలి? ఊరే లేనప్పుడు వాపసు ఎవరికి అని అడిగితే ఏం చెప్పాలి?

సోషల్_సార్_దేవరకొండ:

అమ్మా, నేను రిటైరైన సోషల్ టీచర్ని. పీహెచ్‌డీ నాకు లేదు కాబట్టి చాప్టర్ల పద్ధతి నాకు తెలియదు. కానీ ఈ విషయం మీద నోరు మూసుకొని ఉండలేను.

మీది శ్రీశైలం మునక, మాది సాగర్ మునక. నాగార్జునకొండ పేరు అందరికీ తెలుసు. తవ్వి తీసినవి లోపల కొండ మీద మ్యూజియం కట్టి పెట్టారు, లాంచీలో పోయి చూస్తారు. దానికి ఎదురుగా మా నల్లగొండ ఒడ్డున ఏలేశ్వరం ఉండేది. నీళ్లు రాకముందే పురావస్తు శాఖ తరఫున అబ్దుల్ వహీద్ ఖాన్ గారు అక్కడ తవ్వకాలు చేశారు. పెద్దరాతియుగం సమాధుల నుంచి ఇక్ష్వాకుల కాలం దాకా పొరలు పొరలుగా దొరికింది. దొరికినవి హైదరాబాద్ చేరాయి. ఊరు నీళ్ల కింద ఉంది. ఏలేశ్వరం గట్టు మాత్రం నీళ్ల నడుమ దీవిలా మిగిలింది. శివరాత్రికి మావాళ్లు లాంచీల్లో అక్కడికి పోతారు. నేను పిల్లలను సాగర్ ఎక్స్‌కర్షన్‌కు తీసుకుపోయినప్పుడల్లా డ్యామ్ గేట్లు చూపించేవాణ్ని కాదు, ఆ గట్టు చూపించేవాణ్ని. హెడ్మాస్టర్ గారికి కోపం వచ్చేది, అది వేరే సంగతి.

మీ గైడ్ గారు సరిహద్దు దాటలేదు అన్నారు కదా. 2014 గుర్తు చేయమ్మా. రాష్ట్రం రెండైంది. నాగార్జునకొండ మ్యూజియం ఆంధ్రలోకి పోయింది, ఏలేశ్వరం వస్తువులు తెలంగాణలో ఉన్నాయి. నది ఆ ఒడ్డుదీ ఈ ఒడ్డుదీ ఒకటే నాగరికత. హైదరాబాద్ మ్యూజియంలో ఆంధ్ర జిల్లాల నుంచి తెచ్చిన వస్తువులు ఎన్నో ఉన్నాయి. ఒక్క విగ్రహం కూడా కదల్లేదు, సరిహద్దే వచ్చి వాటి మధ్య నిలబడింది. దేశాల మధ్య అయితే ఇది పెద్ద నైతిక ప్రశ్న, జిల్లాల మధ్య అయితే ఆఫీసు ఫైలు. ఎందుకట్లా అని అడగమ్మా వాళ్లను.

ఇక బొడ్రాయి సంగతి. నువ్వు అడిగినదానికి వాళ్లు జవాబు చెప్పలేదని బాధపడుతున్నావు. చెప్పారు కదా! మునక ముందు ఏది కాపాడాలో లిస్టు రాసింది ఎవరు? చదువుకున్న ఆఫీసర్లు. వాళ్ల కంటికి చాళుక్యుల శిల్పం ఆనింది, బొడ్రాయి ఆనలేదు. పోచమ్మ రాయి ఆనలేదు, పీర్ల చావిడి ఆనలేదు. వాళ్లను తప్పు పట్టడానికి అనడం లేదు, ఆ రోజుల్లో టైం లేదు, నీళ్లు తరుముకొస్తున్నాయి. కానీ ఊరివాళ్లు పోగొట్టుకున్నదీ మ్యూజియంలు దాచిపెట్టిందీ ఒకటి కాదు అని నీ అవ్వ ఒక్క మాటలో చెప్పింది. లండన్‌లో కూర్చొని వాదించేవాళ్లకు ఇది తట్టదు.

ఒక్క హెచ్చరిక. కాలనీల్లో ఎక్కువగా అడిగితే మాట భూమి మీదికి పోతుంది. "విగ్రహాలు ఏం చేసుకుంటం సారూ, మా పట్టాల సంగతి చూడు" అంటారు. అప్పుడు రికార్డర్ ఆపకు.

నల్లకోటు_నల్లగొండ:

మాష్టారు మనసుతో రాశారు. నేను కొంచెం చేదు మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. నా ప్రాక్టీస్ ఎక్కువగా భూముల కేసులు, ఈ సబ్జెక్టు సరదాగా చదువుతాను.

మీ గైడ్ లేవనెత్తిన పాయింట్ చిన్నది కాదు. మీరు మూడు రకాల నష్టాలను ఒకే గాట కడుతున్నారు. సైన్యం దోచుకోవడం ఒకటి, దొంగ అమ్మడం రెండోది, ప్రభుత్వం తన చట్టం కింద తన భూభాగంలోనే తరలించడం మూడోది. మొదటి రెండింటిలో తప్పు చేసినవాడు కనిపిస్తాడు. మూడోదానిలో ఎవర్ని చూపిస్తారు? వైవాలో ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు. ముందే తేడా ఒప్పుకొని రాయండి, అప్పుడు చాప్టర్ నిలబడుతుంది.

చట్టాల చాప్టర్‌లో ఈ ఒక్కటి గట్టిగా చెప్పారో లేదో చూసుకోండి. సాంస్కృతిక వస్తువుల దొంగ రవాణాను ఆపడానికి చేసుకున్న 1970 యునెస్కో ఒప్పందం వెనక్కి పనిచేయదు. మనం దాన్ని ఆమోదించింది 1977లో. మన 1972 పురావస్తువుల చట్టం అమల్లోకి వచ్చింది 1976లో. కాబట్టి నిజాం కాలంలో పోయినదేదీ ఈ ఒప్పందం కింద కోర్టు మెట్లెక్కదు. అందుకే గ్లాస్గో ఖడ్గం నైతికత మీద వచ్చింది, చట్టం మీద కాదు. ఇవ్వగలిగారు కూడా, ఎందుకంటే గ్లాస్గో మ్యూజియంలు నగర కౌన్సిల్‌వి. అదే ఖడ్గం బ్రిటిష్ మ్యూజియంలో ఉండి ఉంటే 1963 చట్టం ట్రస్టీల చేతులు కట్టేసేది. అమరావతి శిల్పాలు నూటికి పైగా అక్కడ ఎందుకు కదలకుండా ఉన్నాయో దీన్నిబట్టే తెలుస్తుంది. ఇచ్చేవాడి మంచితనం కంటే ఇచ్చేవాడి మ్యూజియం ఎవరి కింద ఉందన్నదే ఎక్కువ పనిచేసింది. ఈ పాయింట్ నేను రాయాల్సింది, మీకు ఇచ్చేస్తున్నాను.

ఊరే లేనప్పుడు ఎవరికి అన్నారు. పత్తూరు నటరాజు కేసు చదివారా? తంజావూరు జిల్లాలో 1976లో ఒక కూలీ పాడుబడ్డ గుడి దగ్గర తవ్వుతుంటే ఆ నటరాజు విగ్రహం బయటపడింది, చేతులు మారి లండన్ చేరింది. దావాలో భారత ప్రభుత్వం, తమిళనాడు ఉన్నాయి, గుడి కూడా ఉంది. 1991లో అప్పీల్ కోర్టు, పూజలు ఆగిపోయిన ఆ శిథిలాలయానికి కూడా దావా వేసే హక్కు ఉందని ఒప్పుకుంది. మనదేశంలో దేవుడికి ఆస్తి ఉంటుంది, కేసు వేస్తాడు, ఓడిపోతాడు, అప్పీలుకు పోతాడు. ఇంగ్లండ్ జడ్జీలు కూడా దానికి తలొగ్గారు. ఇప్పుడు మీ కూడవెల్లి సంగమేశ్వరుడి సంగతి ఆలోచించండి. విప్పి ఆలంపూర్‌లో కట్టిన గుడిలో ఉన్నది అదే దేవుడా? అదే అయితే ఆయన ఇల్లు మారాడంతే, వాపసు అక్కర్లేదు. ఊరివాళ్లకు మాత్రం ఆ గుడిలో ఏ హక్కూ మిగల్లేదు. దేవుడి హక్కు, భక్తుల హక్కు ఇక్కడ రెండుగా చీలిపోయాయి. నాకైతే మీ చాప్టర్‌లో అన్నిటికంటే పనికొచ్చే ముక్క ఇదే.

కొల్లాపూర్_అమ్మాయి:

సార్ ఇద్దరికీ థాంక్స్. మాష్టారూ, 2014 సంగతి అసలు తట్టలేదు, నేరుగా మీటింగ్‌లో వాడేస్తాను. నల్లకోటు గారూ, మూడో రకానికి తప్పు చేసినవాడు అక్కర్లేదని నా అభిప్రాయం. మంచి ఉద్దేశంతో తీసుకెళ్లినా తర్వాత ఊరివాళ్లను అడగాల్సిన బాధ్యత పోదు కదా. ఆలంపూర్‌లో, పిల్లలమర్రిలో చూడండి, బోర్డు మీద శతాబ్దం ఉంటుంది, రాజవంశం ఉంటుంది. మునిగిన ఊరివాళ్ల గురించి నేను చూసిన బోర్డుల్లో ఒక్క లైను లేదు. కనీసం ఆ లైను రాయడం కూడా వాపసులో భాగమే అని రాద్దామనుకుంటున్నాను.

విడి శిల్పాలు ఏది ఏ ఊరిదో తెలుసుకోవడం ఎలా? ఎవరైనా మ్యూజియంలో పనిచేసినవాళ్లు ఉన్నారా ఇక్కడ?

స్టోర్‌రూమ్_తాళంచెవి:

ఉన్నాను. ఒక మ్యూజియంలో కాంట్రాక్టు మీద డాక్యుమెంటేషన్ చేశాను. ఏదని అడగకండి.

ప్రతి మ్యూజియంలో అక్సెషన్ రిజిస్టర్ ఉంటుంది. పొడుగాటి లెడ్జర్. నంబరు, వస్తువు, రాయి రకం, కొలతలు, ఎలా వచ్చింది, దొరికిన చోటు. మీకు కావాల్సింది ఆ దొరికిన చోటు అన్న గడి. నేను చూసిన రిజిస్టర్‌లో పేజీల కొద్దీ అక్కడ ఒకే మాట: "మునక ప్రాంతం." కింద అంతా డిట్టో గుర్తులు. ఊరి పేరు లేదు. ఎవరో లారీ దిగాక హడావుడిగా రాసి ఉంటారు. కొన్నిటికి విగ్రహం వెనక సున్నంతోనో పెయింట్‌తోనో పాత నంబర్ ఉంటుంది, రిజిస్టర్ నంబర్‌కు దానికి పొంతన ఉండదు. తరలించేటప్పుడు ఫీల్డులో వేసిన నంబర్లు అవి. ఆ ఫీల్డు నోటుబుక్కులు ఎక్కడన్నా దొరికితే మీ థీసిస్ గట్టెక్కినట్టే. ఊరి పేరు పోయిన వస్తువును ఎంత మంచి మనసున్నా ఎవరికీ వాపసు ఇవ్వలేం. నైతికత మీద వ్యాసాలు రాసేవాళ్లలో ఎంతమంది రిజిస్టర్ తెరిచి చూశారో నాకు అనుమానమే.

ఇంకో మాట మీకు నచ్చదు. ఫణిగిరి శిల్పాలు ఫణిగిరిలోనే ఉండాలని మీరు రాస్తారని భయంగా ఉంది. ప్రకాశం జిల్లా చందవరంలో ఏమైందో చూడండి. శిల్పాలను బౌద్ధ స్తూపం ఉన్న చోటే పెట్టారు, అక్కడి నుంచే పోయాయి. బుద్ధుణ్ని పూజిస్తున్న భక్తుల ఫలకం ఒకటి ఏకంగా ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో తేలింది. 2005లో డబ్బు పెట్టి కొన్నారు వాళ్లు. 2016లో వాపసు ఇచ్చారు. తమిళనాడు శ్రీపురంతాన్ గుడి నటరాజు 2014లో అదే గ్యాలరీ నుంచి రాగలిగాడంటే పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు గుడిలో ఉండగా తీసిన ఫొటోలు ఉండబట్టే. ఫొటో లేని ఊళ్ల నుంచి ఎన్ని పోయాయో ఎవరికి తెలుసు?

ఫణిగిరి తోరణం చూశారా దగ్గర్నుంచి? సున్నపురాయి, రెండు వైపులా చెక్కారు. మెత్తటి రాయి. దానికి నీడ కావాలి, చెమ్మ తగలకూడదు, రాత్రి మనిషి ఉండాలి. 2024లో అదే ఫణిగిరిలో ఒక్క కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఆ కుండను ఊరి పంచాయతీ ఆఫీసు బీరువాలో పెడదామా? నా ఓటు జిల్లా మ్యూజియంలకు. పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం దగ్గర ఉంది, పిల్లలమర్రిలో ఉంది, కొలనుపాకలో ఉంది, ఆలంపూర్‌లో ఉంది. బిల్డింగులు ఉన్నాయి, వాచ్‌మన్ కుర్చీ ఉంది, కుర్చీలో మనిషే అప్పుడప్పుడు ఉండడు. హైదరాబాద్‌కూ ఊరికీ నడుమ ఈ మెట్టు ఒకటుందని మీ థీసిస్‌లో రాస్తే నాలాంటి కాంట్రాక్టువాళ్లకు ఉద్యోగమైనా దొరుకుతుంది.

సోషల్_సార్_దేవరకొండ:

తాళంచెవి గారూ, మీరు చెప్పింది సబబే. కానీ "మీకు కాపాడటం చేతకాదు, మా దగ్గరే ఉండనీ" అన్నది ఇంగ్లీషోళ్లు మనకు చెప్పిన మాటే. హైదరాబాద్ మా ఊళ్లకు చెప్పినా అదే మాట. వాచ్‌మన్‌ను పెట్టని వాళ్లే వాచ్‌మన్ లేడు కాబట్టి ఇవ్వం అంటున్నారు.

స్టోర్‌రూమ్_తాళంచెవి:

తెలుసు సార్. అయినా చందవరం నాకు నిద్రపట్టనివ్వదు.

మూడో_ఏడు_జేఆర్‌ఎఫ్:

అక్కా, రెండు ముక్కలు చెప్పి పోతా, నాకూ డెడ్‌లైన్ ఉంది.

ఒకటి, నాంపల్లి మమ్మీని ఎందుకు వదిలేశావ్? హైదరాబాద్ స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు అమ్మాయి పడుకొని ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చి ఏడో నిజాంకు ఇచ్చాడు, ఆయన మ్యూజియంకు ఇచ్చాడు. అప్పటికి ఈజిప్టులో లైసెన్స్ ఉన్న వ్యాపారుల దగ్గర కొనుక్కోవచ్చు, 1983 దాకా అమ్మకాన్ని పూర్తిగా ఆపలేదు. చట్టం ప్రకారం తప్పు లేకపోవచ్చు. కానీ అది వస్తువు కాదు, ఒక మనిషి శరీరం. స్కూల్ పిల్లలు క్యూలో నిలబడి చూస్తారు. మనం అడిగే లిస్టు పొడుగు, మనల్ని అడిగితే ఇచ్చే లిస్టు ఏదని కమిటీలో ఎవరో ఒకరు అడుగుతారు. నువ్వే ముందు రాసెయ్.

రెండు, అమెరికాలో ఆదివాసీల వస్తువుల మీద 1990 చట్టానికి 2024 జనవరిలో కొత్త రూల్స్ వచ్చాయి. ఆ తెగల అనుమతి లేకుండా ప్రదర్శించకూడదు అన్నారు. న్యూయార్క్ నేచురల్ హిస్టరీ మ్యూజియం ఏకంగా హాళ్లే మూసేసింది. ఇక్కడ వస్తువు దేశం దాటలేదు, చాలాసార్లు రాష్ట్రం కూడా దాటలేదు. మీ సార్ "సరిహద్దు" పాయింట్‌కు దీనికంటే మంచి జవాబు దొరకదు, పైగా ఇంగ్లీషు రెఫరెన్సులు కావాలన్నారుగా, దండిగా ఉన్నాయి.

గైడ్‌తో వాదన పెట్టుకోకు. పార్థినాన్ మీద నాలుగు పేజీలు మూడో చాప్టర్‌లో చేర్చి చూపించు. ఆయన మాట నెగ్గినట్టూ ఉంటుంది, నీ చాప్టరూ ఉంటుంది.

కొల్లాపూర్_అమ్మాయి:

తమ్ముడూ, నీ చివరి ముక్కకు మాత్రం నవ్వొచ్చింది, కానీ చేస్తాను. నాలుగు కాదు, ఆరు పేజీలు రాస్తాను.

ఇప్పుడు చాప్టర్ ఇలా మారింది. ముందు నల్లకోటు గారు చెప్పిన మూడు రకాల తేడా. తర్వాత అమెరికా చట్టం, దేశం లోపల కూడా వాపసు ఉంటుందని చూపించడానికి. తర్వాత మునక గుళ్లు, సంగమేశ్వరుడికి ఇల్లు దొరికి భక్తులకు దొరకకపోవడం. బొడ్రాయి మాటలను అనుబంధంలో పడేద్దామనుకున్నవి చాప్టర్ మధ్యలోకి తెస్తున్నాను, కాపాడాల్సిన లిస్టు ఎవరు రాశారు అన్న ప్రశ్న కింద. ఫణిగిరి విషయంలో ఊరికే ఇచ్చేయాలని రాయను. జిల్లా మ్యూజియం అన్నదే రాస్తాను, కానీ ఏ శిల్పం ఎక్కడ ఉండాలో తేల్చే కమిటీలో ఊరివాళ్లు ఉండాలని కూడా రాస్తాను. మాష్టారి మాటా, తాళంచెవి గారి మాటా రెండూ ఉంటాయి, రెండూ కలవవు, కలపడానికి ప్రయత్నించను. మమ్మీతో చాప్టర్ ముగుస్తుంది. నాంపల్లి మ్యూజియంకు చిన్నప్పటి నుంచి పోతున్నా ఆమెను మన లెక్కలో ఎప్పుడూ వేసుకోలేదు చూడండి.

మాష్టారూ, శివరాత్రికి ఏలేశ్వరం గట్టుకు పోయేవాళ్లతో నన్ను కూడా పంపించే ఏర్పాటు చేస్తారా? రికార్డర్ ఆపను, మాటిస్తున్నా. తాళంచెవి గారూ, ఆ రిజిస్టర్ పేజీలు చూడటానికి ఎవరికి అర్జీ పెట్టాలి? ఆర్టీఐ వేయాలా, యూనివర్సిటీ లెటర్ సరిపోతుందా?

సోషల్_సార్_దేవరకొండ:

తప్పకుండా అమ్మా. మెసేజ్ పెట్టు. ఆ రోజు లాంచీల దగ్గర తొక్కిసలాట ఉంటుంది, తెల్లారకముందే రావాలి. మా ఇంట్లో ముందురోజు రాత్రి ఉండొచ్చు, మా ఆవిడ ఉపవాసం కాబట్టి వంట నాది.

స్టోర్‌రూమ్_తాళంచెవి:

ముందు లెటర్‌తో వెళ్లండి. ఆర్టీఐ వేస్తే భయపడి రిజిస్టర్ బీరువాలో పెట్టేస్తారు. డైరెక్టర్ పేరు మీద మీ గైడ్ సంతకంతో లెటర్ రాయించి, అందులో రిజిస్టర్ అని మాత్రమే కాదు, "మునక ప్రాంత తరలింపు ఫైళ్లు, ఫీల్డ్ నోటుబుక్కులు, ఫొటో నెగెటివ్‌లు" అని విడివిడిగా రాయండి. రాయకపోతే అవి ఉన్నట్టు కూడా చెప్పరు. లోపలికి వెళ్లాక విగ్రహాల వెనక వైపు ఫొటోలు తీసుకోండి, ముందు వైపు అందరి దగ్గరా ఉన్నాయి. ఫ్లాష్ వద్దు, టార్చి పక్క నుంచి పెడితే పాత నంబర్లు కనిపిస్తాయి.